మెరిస్తే తప్పేంటి?

కొత్తగా పుస్తకం వేసుకుంటున్న కవిని ఎవరినైనా అడగండి, అట్ట ఎలా ఉండాలని. లోపలి కాగితం ఎంత మందమో, కుట్టు బైండింగో గమ్ బైండింగో ఆయనకు పట్టకపోవచ్చు. కానీ "మ్యాట్ వేయించండి, గ్లాసీ మాత్రం వద్దు" అనే మాట, అంటే మెరుపు లేని పూతే కావాలి, మెరిసేది వద్దనే మాట, ఠక్కున వచ్చేస్తుంది. ఎందుకండీ అంటే, "చీప్‌గా ఉంటుంది, గైడు మాదిరి మెరుస్తుంది" అంటారు.

బెజవాడలో కూర్చుని గైడును తీసిపారేయడం నాకు భలే విడ్డూరంగా ఉంటుంది. ఈ ఊళ్ళో ప్రెస్సు వాళ్ళకూ, బైండింగ్ చేసే ఆడవాళ్ళకూ, లామినేషన్ షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్ళకూ ఏడాది పొడవునా అన్నం పెట్టింది కవిత్వం కాదు. టెన్త్, ఇంటర్ గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్, ఇంకా పిల్లల రైమ్స్ పుస్తకాలు. వాటి అట్టలు ఎందుకు మెరుస్తాయంటే, వాటిని వేసేవాళ్ళకు ఆ పుస్తకం ఎలాంటి చేతుల్లో పడుతుందో బాగా తెలుసు కాబట్టి. బస్సులో కిటికీ పక్కన, టిఫిన్ బాక్సుతో కలిపి బ్యాగులో, పరీక్ష ముందు రోజు రాత్రి చెమట చేతుల్లో, ఆ తర్వాత చెల్లెలికి, ఆ తర్వాత పక్కింటి పిల్లాడికి. కవితా సంపుటికి అన్ని కష్టాలు రావు, నిజమే. రావాలని కోరుకోవడంలో తప్పు లేదు కదా.

పుస్తకం వేసుకునేవాళ్ళకూ ప్రెస్సుకూ మధ్య తిరగడం నా పని. డీటీపీ చేయిస్తాను, ప్రూఫులు చూస్తాను, అట్ట బొమ్మ దగ్గర నుంచి కట్టలు ఆటో ఎక్కించేదాకా చూసుకుంటాను. ఇందులో నాకు అర్థమైంది ఏమిటంటే, అచ్చు కాగితం మీద పూత ఏది వేయాలో అందరూ కంటితో తేలుస్తున్నారు. అది చేతితో తేల్చాల్సిన వ్యవహారం. ఎవరు పట్టుకుంటారు, తడిచేత్తోనా నూనెచేత్తోనా, ఎన్నేళ్ళు పట్టుకుంటారు? ఇవి అడిగితే చాలా వాటికి మెరిసే పూతే సరైంది అని తేలుతుంది. కొన్నిటికి అసలు ఏ పూతా వద్దని కూడా తేలుతుంది. అక్కడికీ వస్తాను.

నా మాట మీద నమ్మకం లేకపోతే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర ఓ గంట నిలబడండి. పూత లేని అట్ట ఉన్న పాత నవల ఒకటి చేతిలోకి తీసుకోండి. వెన్ను దగ్గర మడత పడిన చోట సిరా రాలిపోయి తెల్లటి గీతలు కనిపిస్తాయి. కుడిచేతి బొటనవేలు ఆనే చోట, అట్ట చివర నుంచి అంగుళం లోపలికి, బూడిద రంగు మరక ఒకటి ఉంటుంది. ఎందరో పాఠకుల వేళ్ళ జిడ్డు అది. మూలలు మెత్తబడి, పొరలు పొరలుగా విడిపోయి ఉంటాయి. అదే కాలంలో వచ్చిన లామినేషన్ అట్ట ఇంకొకటి తీయండి. అంచుల్లో ఫిల్మ్ కాస్త లేచి ఉండొచ్చు, లోపల పేజీలు పసుపెక్కి ఉండొచ్చు. బొమ్మ మాత్రం బొమ్మలాగే ఉంటుంది. షాపతను గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, "కొత్తదే సార్" అని ఇస్తాడు.

అద్దెకు నవలలిచ్చే షాపులు వీధికొకటి ఉన్న రోజులు గుర్తున్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ముందు అట్ట పోయేది, తర్వాత మొదటి పేజీ, ఆ తర్వాత చివరి పేజీ. హీరోయిన్ ఎవరిని చేసుకుందో ఇప్పటికీ తెలియని పాఠకులు కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఎంతమందో!

అసలు పూత చేసే పని ఏమిటి? కాగితం పీచు పదార్థం. నీళ్ళు తాగుతుంది, నూనె తాగుతుంది, గాల్లో తేమను కూడా తాగుతుంది. దాని మీద సిరా పొర చాలా పల్చన. దేనికైనా రాసుకుంటే ఊడుతుంది. ఆ సిరాకూ బయటి ప్రపంచానికీ మధ్య ఇంకో పొర అడ్డం పెట్టడమే పూత. రంగు లోతుగా కనబడటం దీనివల్ల వచ్చే రెండో లాభం. ఎండిన కడప బండ మీద చెంబుడు నీళ్ళు చల్లగానే బూడిద రంగు పోయి నల్లగా నిగనిగలాడుతుంది చూశారా, ఇక్కడా జరిగేది అదే. గరుకు ఉపరితలం వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, ఆ చెదిరిన తెల్ల వెలుగు రంగులో కలిసి దాన్ని పాలిపోయినట్టు చేస్తుంది. పైభాగం నునుపైతే వెలుగు ఒకవైపుకే తిరిగి వెళ్తుంది, మిగతా అన్ని వైపుల నుంచీ మనకు అసలు రంగే కనిపిస్తుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు ఎక్కువున్న అట్టకు గ్లాసీ వేస్తే ప్రింటు మారిందా అన్నంత తేడా వస్తుంది.

ఈ మెరుపు మోజు ఇవాళ్టిది కూడా కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మీ సరస్వతుల పటాలను ఓలియోగ్రాఫులుగా అచ్చు వేయించాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాతి అచ్చు, అన్నీ అయ్యాక పైన వార్నిష్. తైలవర్ణ చిత్రం కొనలేని ఇంటికి తైలవర్ణ చిత్రం లాంటిది చేరింది ఆ వార్నిష్ పుణ్యమే. మన పూజగదుల్లోకి లక్ష్మీదేవి మెరుస్తూనే వచ్చింది. ఇప్పుడొచ్చి మెరుపు బజారు సరుకంటే ఎలా?

పూతల్లో రకాలు ప్రెస్సులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు కాబట్టి కాస్త విడమరుస్తాను. వార్నిష్ అంటే రంగు లేని సిరా లాంటిది. మిషన్ మీదే మామూలు రంగుల్లాగే వేసేస్తారు. చవక, కానీ రక్షణ అంతంత మాత్రం, కాలం గడిచేకొద్దీ కాస్త పసుపెక్కుతుంది. నీటి ఆధారంగా చేసే అక్వస్ కోటింగ్ ఇంకోటి. దానికి మిషన్ చివర విడిగా కోటింగ్ యూనిట్ ఉండాలి, వేడిగాలికి వెంటనే ఆరిపోతుంది, పసుపెక్కదు. చిన్న ప్రెస్సుల్లో ఉండదు. మూడోది యూవీ. ద్రవం పూసి అతినీలలోహిత దీపాల కిందకు పంపుతారు. ద్రవంలో ఉన్న రసాయనం ఆ వెలుతురు తగలగానే సెకను కూడా పట్టకుండా గట్టిపడిపోతుంది. ద్రవ పూతల్లో ఇంత మెరుపు ఇంకదేనికీ రాదు. ఆ షెడ్డులో నిలబడితే ఘాటైన వాసన ఒకటి వస్తుంది. దీపాల వెలుతురుకు గాల్లో పుట్టే ఓజోన్ అది. గట్టిపడని ద్రవం చేతికి అంటితే చర్మానికి పడదు. గాలి బయటికి లాగే ఫ్యాన్, చేతులకు గ్లోవ్స్ లేని యూనిట్‌కు పని ఇవ్వకండి, రేటు ఎంత తక్కువైనా సరే.

ఇక్కడ ఒక అపోహ ఉంది. యూవీ కోటింగ్ వేయిస్తే ఎండకు రంగు పోదని షాపుల వాళ్ళు చాలామంది నమ్ముతారు. ఎండ నుంచి కాపాడటానికి దానికి ఆ పేరు రాలేదు, ఆ వెలుతురుతో ఆరుతుంది కాబట్టి వచ్చింది. ఎండను పీల్చుకునే పదార్థం ప్రత్యేకంగా కలిపితే తప్ప మామూలు యూవీ పూత, మామూలు గ్లాసీ ఫిల్మ్ ఎండను పెద్దగా ఆపలేవు. బీసెంట్ రోడ్డులో పడమటి ఎండ తగిలే అద్దాల వెనక పెట్టిన పోస్టర్లు చూడండి, పసుపు, గులాబీ రంగులు ముందు ఎగిరిపోయి మోడల్ మొహం నీలంగా మిగిలి ఉంటుంది. దానికి పూత ఏం చేస్తుంది పాపం. పోస్టరును నీడకు జరపాలి.

నాలుగోది మన రోజువారీ లామినేషన్. పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌ను వేడి రోలర్ల మధ్య కాగితానికి అతికిస్తారు. ఫిల్మ్ మందం పన్నెండు, పదిహేను మైక్రాన్లు ఉంటుంది, తలవెంట్రుకలో మూడో వంతు కూడా కాదు. తయారీలోనే దాన్ని నిలువుగానూ అడ్డంగానూ సాగదీస్తారు, అందుకే అంత పల్చగా ఉండి కూడా చిరగదు. పుస్తకం అట్టకు నేను ఎప్పుడూ దీన్నే అడుగుతాను. యూవీ పూత ఎంత మెరిసినా గట్టి పెళుసు పొర, మందపాటి అట్టను మడిస్తే మడత దగ్గర పగులుతుంది. ఫిల్మ్ మడతతో పాటు వంగుతుంది. పుస్తకం అంటే జీవితాంతం మడత పడుతూ ఉండేది కదా.

పూత విలువ పుస్తకాల వాళ్ళకంటే పచ్చళ్ళ వాళ్ళకు ముందు తెలుస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని ఎండాకాలం ఆవకాయ, మాగాయ పెట్టి సీసాల్లో అమ్ముతుంది. మొదట్లో లేబుళ్ళు మామూలు స్టిక్కర్ కాగితం మీద వేయించుకుంది. ఓ రోజు ఫోన్ చేసి, "ఒరేయ్, లేబులు నూనె తాగేస్తోందిరా. సీసా మీద నా పేరే కనపడట్లేదు" అంది. వెళ్ళి చూస్తే నిజమే. మూత పక్క నుంచి కారిన నువ్వుల నూనె చుక్క లేబుల్ అంచున పడి, లోపలికి పాకి, కాగితం అద్దంలా అయిపోయింది. వెనక ఉన్న కారం ఎరుపు అందులోంచి కనబడుతుంటే, లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెల్లో చివరి నాలుగు ఆ ఎరుపులో కలిసిపోయాయి. తుడుద్దామని గుడ్డతో రుద్దితే కాగితం ఉండలు ఉండలుగా ఊడింది.

గ్లాసీ ఫిల్మ్ వేసిన స్టిక్కర్ చేయించాం. ఇప్పుడు నూనె కారినా ఫిల్మ్ మీద బొట్టుగా నిలబడుతుంది, కొంగుతో తుడిస్తే సరి. మ్యాట్ వేస్తే క్లాసుగా ఉంటుందని డిజైనర్ కుర్రాడు అన్నాడు. రెండు ముక్కలు తెప్పించి ఆవకాయ చేత్తో పట్టుకుని చూడమన్నాం. మ్యాట్ ముక్క మీద వేలిముద్ర ముదురు మచ్చలా ఉండిపోయింది. ఆ ఉపరితలం కంటికి కనపడనంత గరుకు, నూనె ఆ సందుల్లో చేరుతుంది. పిన్ని దాన్ని చూసి ఒక్క మాటే అంది, "ఇదెందుకు, ఇంకా మురికిగా ఉంటుంది." ఒక చిక్కు మాత్రం మిగిలింది. తయారీ తేదీ వేసే రబ్బరు స్టాంపు సిరా ఫిల్మ్ మీద ఆరదు, వేలు తగిలితే చెరుగుతుంది. తేదీకి మాత్రం పూత లేని చిన్న తెల్ల స్టిక్కర్ విడిగా, మూత మీద, నూనె చేరని చోట అంటిస్తోంది. పెద్ద కంపెనీలు ఇదే పనిని అచ్చులోనే చేస్తాయి. మందుల పెట్టె తిప్పి చూడండి, బ్యాచ్ నంబరు పడే చోటా, గమ్ అంటించే రెక్క దగ్గరా మెరుపు ఉండదు. అక్కడ పూత వేయకుండా వదిలేస్తారు.

మ్యాట్ మీద నాకు వ్యక్తిగతంగా పగేమీ లేదు. ట్యూబులైటు కింద పుస్తకం ఎటు తిప్పినా కళ్ళలో కొట్టదు, చేతికి మెత్తగా ఉంటుంది, నలుపు తెలుపు ఫొటోకు బాగా నప్పుతుంది. కానీ నల్లటి అట్టకు మామూలు మ్యాట్ వేసి, కట్ట కట్టి, ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ పంపి చూడండి. దారి పొడవునా ఒకదానికొకటి రాసుకుని, కట్ట విప్పేసరికి ప్రతి అట్ట మీదా వెండి గీతలు. గీతలు పడని మ్యాట్ ఫిల్మ్ కూడా దొరుకుతుంది, దాని రేటు చెప్పగానే కవిగారు ఫోన్ పెట్టేస్తారు. మ్యాట్ ఇంత ఫ్యాషన్ కావడానికి నా లెక్కలో అసలు కారణం ఫేస్‌బుక్. గ్లాసీ అట్టను ఫోన్లో ఫొటో తీస్తే పైన ఫ్యానూ, లైటూ, తీసేవాళ్ళ చెయ్యీ అన్నీ పడతాయి. మ్యాట్ అయితే శుభ్రంగా వస్తుంది. పుస్తకం ఫొటోలో బతకాలా, చేతుల్లో బతకాలా అన్నది వేసుకునేవాళ్ళే తేల్చుకోవాలి.

గ్లాసీ మీద వేసే ఇంకో నింద, వానాకాలంలో అట్ట లేచిపోతుందని. ఈ నింద గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఇది నిజంగా ఉన్న బాధ. మూడు కాలువలు, పక్కన కృష్ణ, జులై నుంచి నవంబరు దాకా చెమట ఆరని గాలి. బల్ల మీద పెట్టిన పుస్తకం పొద్దునకల్లా అట్ట పైకి వంచి, ఎవరో చదువుతూ వదిలేసినట్టు నోరు తెరుచుకుని ఉంటుంది. ఎందుకంటే అట్టకు ఒకవైపే ఫిల్మ్ ఉంది. ఫిల్మ్ తేమను తీసుకోదు, సాగదు. లోపలివైపు కాగితం మాత్రం తేమ పీల్చి ఉబ్బుతుంది. పీచు పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. లోపలివైపు పెరిగి, బయటివైపు పెరగకపోతే అట్ట బయటికి వంగక ఏం చేస్తుంది? మే నెలలో నలభై అయిదు డిగ్రీల వడగాలిలో ఇదే తిరగబడి లోపలికి వంగినా ఆశ్చర్యం లేదు.

మ్యాట్ ఫిల్మ్ కూడా అదే పాలీప్రొపిలీన్. అది కూడా తేమ తీసుకోదు. అట్ట అంతే లేస్తుంది. కాబట్టి ఈ నేరం మెరుపు మీద మోపడం అన్యాయం. ప్రెస్సులో జరిగే రెండు మూడు పనుల్లో ఉంది తప్పు. మొదటిది పీచు వరస. కాగితంలో పీచు ఒకవైపుకు పరుచుకుని ఉంటుంది, అట్టలో అది వెన్నుకు సమాంతరంగా నిలువునా రావాలి. షీటులో నాలుగు అట్టలు పట్టే చోట అయిదు పట్టించాలని అడ్డంగా పేరిస్తే కాగితం మిగులుతుంది, అట్ట మాత్రం వానాకాలంలో లేచి కూర్చుంటుంది. రెండోది మందం. మూడు వందల జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు మూడు వందల గ్రాముల బరువుండే ఆర్ట్ కార్డు చూపించి పల్చటిది వేస్తే ఫిల్మ్ లాగుడుకు అది తట్టుకోదు. మూడోది, మిషన్ మీద ఫిల్మ్ రోల్‌ను మరీ బిగించడం. సాగిన ఫిల్మ్ అంటుకున్నాక తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, కాగితాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. తేమను అటూ ఇటూ పోనిచ్చే నైలాన్ ఫిల్మ్ ఉంది కానీ ఖర్చు ఎక్కువ. మామూలు ఫిల్మ్‌తోనే, పీచు వరస సరిచూసుకుంటే, మన ఊరి వానలకు సరిపడేంత బుద్ధిగా ఉండే అట్టలు వస్తాయి.

ఇక వద్దన్న చోట్లు. శుభలేఖ వాటిలో మొదటిది. ఈమధ్య కార్డు మొత్తానికి తళతళలాడే ఫిల్మ్ వేయిస్తున్నారు. తీరా మంచిరోజు చూసి నాలుగు మూలలా పసుపు రాద్దామని కూర్చుంటే పసుపు అంటదు. తడి పసుపు జారిపోతుంది, ఆరాక పొడిపొడిగా రాలి కార్డులన్నిటి మీదా పడుతుంది. కవరు మీద పేరు రాద్దామంటే బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను అలుక్కుపోతుంది. పెళ్ళివారికి అసలే సవాలక్ష టెన్షన్లు. వినాయకుడి బొమ్మకు, అక్షరాలకు మాత్రమే యూవీ పూత పడే స్పాట్ యూవీ వేయించుకోండి, చాలు. మూలలూ, పేరు రాసే చోటూ కాగితాన్ని కాగితంగా వదిలేయండి.

క్యాలెండరూ అంతే. పైన దేవుడి బొమ్మకు పూత ఉంటే మంచిది, అగరొత్తుల పొగ, వంటింటి జిడ్డు తుడవొచ్చు. కింద తేదీల కాగితానికి మాత్రం వద్దు. పాలు నాగా పెట్టిన రోజు, గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు, చీటీ కట్టాల్సిన తేదీ అన్నీ అమ్మ రాసుకునేది అక్కడే. సూర్యారావుపేటలో డాక్టర్ల దగ్గర ఇచ్చే ఫైళ్ళు ఈ విషయంలో తెలివైనవి, బయట గ్లాసీ, లోపల ఉత్త కాగితం. డాక్టర్ రాత ఎలాగూ అర్థం కాదు, చెరగకుండా అయినా ఉండాలి. పుస్తకం లోపలి పేజీలకు మెరిసే ఆర్ట్ పేపర్ వేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. ఫొటోల ఆల్బమ్‌కు తప్ప అది దేనికీ పనికిరాదు, చదువుతుంటే కళ్ళు నొప్పులు పుడతాయి.

ఆర్ట్ పేపర్‌తో ఇంకో ప్రమాదం 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం వాళ్ళు కళ్ళారా చూశారు. బుడమేరు నీళ్ళు ఇళ్ళలో రోజుల తరబడి నిలిచాయి. నీళ్ళు తీశాక డాబాల మీద పుస్తకాలు ఆరబెట్టుకున్నారు. మామూలు కాగితం పుస్తకాలు ఉబ్బి, వంకరపోయి, ఎలాగో పేజీలు విడివడతాయి. ఆర్ట్ పేపర్ పుస్తకాలు అలా కాదు. ఆ కాగితం నునుపు కోసం సుద్దలాంటి పదార్థాన్ని జిగురుతో కలిపి పూస్తారు. తడిస్తే ఆ జిగురు కరుగుతుంది, తడి పేజీలు ఒకదాని మీద ఒకటి ఉండగానే ఆరితే అన్నీ కలిసి ఇటుకే. తడిగా ఉండగానే పేజీ పేజీ మధ్య విడదీయాలి, ఆలస్యమైతే ఇక అంతే సంగతులు. అట్ట మీద లామినేషన్ వరదలో పుస్తకాన్ని కాపాడుతుందనుకోవద్దు. ఫిల్మ్ పైనుంచి పడ్డ చుక్కలను ఆపుతుంది, కోసిన అంచుల నుంచి దూరే నీటిని ఆపలేదు.

నాలుగు అంచులూ మూసేసేది పౌచ్ లామినేషన్. ఆ వరద తర్వాత మా వీధి జిరాక్స్ షాపులో సర్టిఫికెట్లు లామినేట్ చేయించుకునేవాళ్ళ వరస చూశాను. వాళ్ళ భయం నాకు అర్థమైంది. పిల్లాడి టెన్త్ మార్కుల లిస్టు బురదలో తేలడం చూసిన తల్లికి ఎవరేం చెప్పగలరు? అయినా చెప్తున్నాను, ఒరిజినల్ సర్టిఫికెట్లు లామినేట్ చేయించకండి. వేడికి కరిగిన జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది, మళ్ళీ ఊడదీయాలంటే కాగితం కూడా ఊడి వస్తుంది. రేపు పిల్లాడు విదేశాలకు వెళ్ళేటప్పుడు అటెస్టేషన్ స్టాంపు వేయాలన్నా, స్టిక్కరు అంటించాలన్నా ప్లాస్టిక్ మీద వేయరు, వెనక్కి పంపిస్తారు. బిల్లులు, ఏటీఎం స్లిప్పుల్లాంటి థర్మల్ కాగితమైతే ఆ వేడికి అక్కడికక్కడే నల్లబడిపోతుంది.

చరిత్ర పత్రాలు దాచేవాళ్ళు ఈ దారిలో ఎప్పుడో నడిచి వెనక్కి వచ్చారు. ఢిల్లీలో జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళు సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్మ్‌ను మిషన్ లేకుండా, ఎసిటోన్ అద్ది చేత్తోనే అతికించే పద్ధతి కనిపెట్టారు. అది ప్రపంచంలో భారతీయ పద్ధతిగా పేరు తెచ్చుకుంది. తర్వాత ఆ ఫిల్మే కాలక్రమంలో చెడి ఆమ్లం విడుదల చేస్తుందని, తీయడం కష్టమని తేలి ఆ దారి తగ్గిపోయింది. అంచులు అతికించని పారదర్శకపు కవర్లో కాగితాన్ని పెట్టి, ఆ కవర్ను జిప్ బ్యాగులో, బ్యాగును అటక మీద పెట్టుకోండి. లామినేషన్ కావాలనిపిస్తే జిరాక్స్ కాపీకి చేయించండి. ఆధార్ విషయంలో 2018లో ఆ కార్డు ఇచ్చే సంస్థే చెప్పింది, బయట షాపుల్లో ప్లాస్టిక్ కార్డుగా అచ్చు వేయిస్తే క్యూఆర్ కోడ్ పనిచేయకపోవచ్చని. తర్వాత 2020లో తనే పీవీసీ కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. కావాలంటే అది తెప్పించుకోవచ్చు.

ప్లాస్టిక్ సంగతి ఎత్తకుండా గ్లాసీని పొగిడితే మిత్రులు ఊరుకోరు. ఒప్పుకుంటాను, ఫిల్మ్ అంటిన కాగితాన్ని మిల్లులో గుజ్జు చేయడం కష్టం, ప్లాస్టిక్‌ను విడిగా తీయాలి. వార్నిష్, అక్వస్ పూతలకు అంత ఇబ్బంది లేదు. 2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధించిన వస్తువుల్లో స్వీటు పెట్టెలకూ, ఆహ్వాన పత్రికలకూ, సిగరెట్ పెట్టెలకూ చుట్టే పల్చటి ఫిల్మ్ ఉంది. విప్పి అవతల పారేయడానికే చుట్టేది కాబట్టి ఆ నిషేధం సబబే. పుస్తకం అట్ట మీది ఫిల్మ్ ముప్ఫై ఏళ్ళు పని చేస్తుంది, దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేను. పేపర్లో పెట్టి పంచే పాంప్లెట్‌కు లామినేషన్ వేయించే కాలేజీల వాళ్ళను మాత్రం నేను కూడా వెనకేసుకు రాను. మూడు నిమిషాల్లో చెత్తబుట్టలో పడే కాగితానికి వందేళ్ళ తొడుగు ఎందుకు? ఎక్కువ కాపీలుండి, మిషన్ మీద కోటింగ్ యూనిట్ ఉన్న ప్రెస్సు దొరికితే అక్వస్ అడగండి. వెయ్యి కాపీల పుస్తకానికి ఆ వీలు కుదరదు, ఫిల్మే గతి. ఒక్కో అట్టకు పడే ఖర్చు కప్పు టీ కంటే తక్కువ.

గ్లాసీ పేరు చెడగొట్టింది మాత్రం మన తొందర. ఈ ఊళ్ళో ప్రతి పుస్తకమూ జనవరి పుస్తకాల ఎగ్జిబిషన్‌కే రావాలి. డిసెంబరు ఆఖరి వారంలో ప్రెస్సులన్నీ రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. అచ్చయిన షీట్లు ఒకదానికొకటి అంటకుండా మధ్యలో పిండిలాంటి పొడి చల్లుతారు. సిరా ఆరడానికి కనీసం ఒకటి రెండు రోజులు వదిలి, పొడి దులిపి, అప్పుడు లామినేషన్‌కు పంపాలి. ఆ తీరిక ఎవరికుంది? పొద్దున అచ్చు, సాయంత్రం ఫిల్మ్. ముదురు రంగు అట్టను వాలుగా పట్టుకుని చూస్తే ఫిల్మ్ కింద సన్నటి వెండి నలుసులు కనిపిస్తాయి, పొడి రేణువుల చుట్టూ చిక్కుకున్న గాలి అది. కొన్నాళ్ళకు ఫిల్మ్ లేచేది కూడా అక్కడి నుంచే. డిజిటల్ ప్రింటు అట్టలకు ఇంకో తంటా, వాటికి వాడే పొడి సిరా, అంటే టోనర్ మీద మామూలు ఫిల్మ్ సరిగ్గా అంటదు, దానికి గట్టి జిగురున్న ఫిల్మ్ వేరే ఉంది. అడిగితేనే వేస్తారు.

షీట్లు వచ్చాక ఒక అట్ట మూల తీసుకుని, ఫిల్మ్ అంచును గోరుతో గీకి చూడండి. లేస్తే అక్కడే ఆపించండి, బైండింగ్‌కు వెళ్ళనివ్వకండి. "ఎగ్జిబిషన్ ఎల్లుండేనండీ, ఇప్పుడు ఆపితే ఎలా" అంటాడు ప్రెస్సాయన. ఎగ్జిబిషన్ పదకొండు రోజులుంటుంది. ఆవిష్కరణ ఏడో రోజుకు పెట్టుకోండి.